పండ్రెండవ యేట

ధ్యాన భాగము: లూకా 2:41–52

యేసు శైశవమునకును బహిరంగ పరిచర్యకును నడుమ జరిగిన సంగతులలో సువార్తలు తెలుపునది ఇది ఒక్కటే. అది కౌమారపు గడపలో జరిగినది.

పస్కా పండుగ ముగిసిన పిమ్మట మూడు దినములకు తల్లిదండ్రులు ఆయనను యెరూషలేము దేవాలయములో, బోధకుల మధ్య కనుగొనిరి. అక్కడ ఆయన వినువాడుగాను అడుగువాడుగాను ఉండెను. మరియ యోసేపును తండ్రియని పేర్కొనగా, కుమారుడు పరలోకపు తండ్రిని పేర్కొనెను. లూకా సువార్తలో యేసు పలికిన మొదటి మాటలివే. తాను ఎవరివాడో ఆయన తన నోటనే తెలియజేసెను.

“నేనెవరిని?” అను ప్రశ్నయే కౌమారములోని ముఖ్యమైన పోరాటమని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఎరిక్ ఎరిక్‌సన్ (1902–1994) బోధించెను. కన్నతండ్రి ఎవరో ఎన్నడును తెలియని ఆయనకు అది కేవలము పుస్తకములలోని ప్రశ్న కాదు. ఏ ప్రశ్నయు అడుగకయే పెద్దల నిర్ణయములను తనవిగా చేసికొన్న యౌవనుడు స్థిరుడుగా అగపడినను, అది శోధించి పొందిన స్థిరత్వము కాదని జేమ్స్ మార్షియా 1966లో చూపెను.

క్రైస్తవ గృహములలో ఈ స్థితియే భక్తిగా ఎంచబడుట కలదు. ఆదివారపు బడిలో వచనములను తప్పులేక అప్పగించిన బాలుడు పదునారవ యేట, “దేవుడు మన ప్రార్థన వినుచున్నాడని ఎట్లు తెలియును?” అని అడుగును. తండ్రి కోపించి నోరు మూయించును. ప్రశ్న నోటిని విడుచునే గాని హృదయమును విడువదు. బాలుడు హాస్టలుకు వెళ్లిన దినమున, అరువు తెచ్చుకొన్న విశ్వాసము ఇంటిలోనే మిగిలిపోవును.

శిశువులకు బాప్తిస్మమిచ్చు సంఘములలో, పెద్దలు బిడ్డ పక్షమున చేసిన ప్రమాణమును కన్ఫర్మేషన్ నాడు ఆ బిడ్డయే తన నోట ఒప్పుకొనవలెను. ప్రశ్నింప సెలవు లేని నోట వచ్చు “అవును” ఎవరిది?

యౌవనులు గమనింపవలసినదియు ఒకటి కలదు. పరలోకపు తండ్రిని ఎరిగిన ఆ కుమారుడు ఇంటిని త్రోసివేయలేదు. నజరేతునకు తిరిగి వెళ్లి తల్లిదండ్రులకు లోబడెను. వ్యక్తిత్వమనగా తిరుగుబాటు కాదు. తాను ఎవరివాడో ఎరిగినవాడు లోబడుటకు వెరవడు.

కుమారుని మాట మరియకు బోధపడలేదు. అయినను ఆమె దానిని మనస్సులో భద్రపరచుకొనెను. బిడ్డ ప్రశ్నకు జవాబెరుగని తల్లిదండ్రులకు ఈ మాదిరి చాలును. జవాబు లేకున్నను ఆలకించు చెవి ఉండవలెను. నాటి బోధకులు పండ్రెండేండ్ల బాలునికి తమ మధ్య చోటిచ్చిరి. నేటి సంఘమును అట్టి చోటు ఇచ్చును గాక.