కొత్త మైకూ, పాత గొంతూ

అవసరమంటే ఏమిటి, సరదా అంటే ఏమిటి? ఈ రెంటికీ నడుమ గీత ఎవరు గియ్యాలి? వినడానికి వేదాంతంలా వున్నా, ఇది నెలాఖరున పద్దుల పుస్తకంలో పుట్టే ప్రశ్నే. ఇంటాయన స్కూటరుకు టైర్లు మార్చడం అవసరం. పిల్లవాడి ట్యూషను అవసరం. ఇల్లాలు పాడుకోవడానికి మైకు కొనడం మాత్రం సరదా! ఆ మాట ఇంకొకరు అననక్కర్లేదు, మనకి మనమే అనేసుకుంటాం.

రేపల్లెలో మా పెద్దాడపడుచు వున్నారు. ఆవిడ పడగ్గది మూల చిన్న స్టూడియో పెట్టుకున్నారు. స్టూడియో అనగానే బెదిరిపోకండి. పాత కంప్యూటరు ఒకటి, మైకు ఒకటి, ఆ రెంటినీ కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె, చెవులకి హెడ్‌ఫోన్లు. అంతే సరంజామా. మంగళహారతులూ, పెళ్ళిపాటలూ, పిల్లల కథలూ రికార్డు చేసి అయినవాళ్ళకి పంపిస్తూ వుంటారు.

ఆ కంప్యూటరు తెరుచుకునేలోపు కాఫీ కలుపుకుని తాగెయ్యొచ్చు. పైగా 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ వాళ్ళు విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేశారు. ఇంకేం, వదిన రేపల్లె రైలెక్కి తెనాలి వెళ్ళి దుకాణంలో అంచనా వేయించుకొచ్చారు. కొత్త కంప్యూటరు, కండెన్సర్ మైకు, పెద్ద స్పీకర్లు, అన్నీ కలిపి లక్ష దాటింది. ఆ కాగితం మడిచి పోపులడబ్బాలో పెట్టి, "డబ్బు కూడాక చూద్దాంలే" అన్నారు.

మద్దతు ఆగిపోతే కంప్యూటరు పాట వినడం మానేస్తుందా? మానెయ్యదు. భద్రతకి సంబంధించిన మరమ్మతులు మామూలుగా అందడం మానేస్తాయి. బ్యాంకు పనులు దాంట్లో పెట్టకుండా, ఇంటర్నెట్ తీసేసి పాటలకే వుంచుకుంటే ఇంకొంతకాలం నడుస్తుంది. గిరగిరా తిరిగే పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేసి, మెమరీ నాలుగు జీబీ నుంచి ఎనిమిది చేస్తే, అరిగిన తిరగలికి కక్కు కొట్టించినట్టే. ఆడాసిటీ లాంటి రికార్డింగు ప్రోగ్రాములు వుచితంగానే దొరుకుతాయి.

మైకు సంగతి ఇంకా చిత్రం. కండెన్సర్ మైకు చెవి మహా చురుకు. గొంతుతోపాటు ఫాను రొద, పక్కింటి మిక్సీ, వీధిలో కూరగాయల బండి కేకా అన్నీ పట్టేస్తుంది. సీడీలో వాడే 16 బిట్ల లెక్కకే సుమారు 96 డెసిబెళ్ళ విస్తృతి వుంది. తిరిగే ఫానూ, ఫ్రిజ్జూ కలిసి చేసే రొద ముందు ఆ నాణ్యతలో సగం మునిగిపోతుంది. అంటే యంత్రం కంటే ముందు గదే అడ్డొస్తోందన్నమాట! పాడేవారి వెనక ఒక బొంత వేలాడదీసి, ఎదురుగా చీరల బీరువా తలుపులు తెరిచిపెడితే, గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే ప్రతిధ్వనిని ఆ గుడ్డలు మింగేస్తాయి. మన పట్టుచీరలు ఇలా కూడా పనికొస్తాయని ఎవరనుకున్నారు! బయటి గోలని మాత్రం బొంతలు ఆపలేవు. దానికి నోటికి దగ్గరగా పెట్టుకునే డైనమిక్ మైకు మేలు.

ఇదంతా చెబితే వదిన చల్లగా ఒక మాటన్నారు. "బాగానే వుందమ్మా. కానీ వున్నదాంతో సర్దుకోమని ఎప్పుడూ ఆడవాళ్ళకే ఎందుకు చెబుతారు?"

నిజమే. ఇంట్లో ఒక్కరికే నేర్పే పొదుపుని పొదుపు అనవచ్చునా? పరికరంలో ఏముంది, ప్రతిభ వుంటే చాలదా అనే పెద్దమాటలు కూడా నాకు నచ్చవు. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభ నాటకాలతో పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావుగారినే తీసుకోండి. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా ఆయన పాడుతుంటే ఒకే మాట ఎన్ని భావాలు పలికేదో మన పెద్దలు కథలుగా చెప్పేవారు. 78 చుట్ల గ్రామఫోను రికార్డు కాలం అది. ఒక వైపు మూడు నిమిషాలు, కాస్త పైన. ఆ కొలతలో పట్టినంతే పాట, మిగతాది గాలిలో కలిసిపోయింది. 1971లో ఆయనా వెళ్ళిపోయారు. మంచి యంత్రం వుండి వుంటే ఎంత దక్కేదో కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే, మంచి యంత్రం వచ్చేదాకా ఆగుదామని ఆనాటివాళ్ళు కూర్చుని వుంటే? ఆ మూడు నిమిషాలు కూడా వుండేవి కావు.

నా మనసులో వున్నది అసలు వదిన పాటలు కావు. వాళ్ళ అత్తగారివి. ఎనభై దాటిన మనిషి. అప్పగింతల పాటలు, లాలిపాటలు, ఏ పుస్తకంలోనూ కనపడనివి ఆవిడ నోటనే వున్నాయి. "కొత్త మైకు వచ్చాక అత్తయ్యగారిచేత పాడిస్తాను" అని వదిన సంక్రాంతికి అన్నారు, ఉగాదికీ అన్నారు. నిరుడు అయిదు చరణాలు ఏకబిగిన పాడిన ఆవిడ ఈ ఏడు రెండు చరణాలకే ఆగి మంచినీళ్ళు అడుగుతున్నారు. డబ్బు నెలనెలా కొంచెం కూడుతోంది. ఆవిడ వూపిరి నెలనెలా కొంచెం తగ్గుతోంది. ఈ రెండు పద్దులూ ఒకే పేజీలో రాసుకుంటే తప్ప ఏది అవసరమో, ఏది సరదానో తేలదు.

ఇదే వదినతో అన్నాను. ఆవిడ పోపులడబ్బాలోంచి కాగితం తీసి, పెద్ద స్పీకర్లనీ, కొత్త కంప్యూటరునీ కొట్టేశారు. ఎస్‌ఎస్‌డీ, డైనమిక్ మైకు వుంచారు. "ఇవి సరదాకి కాదు, ఇంటి ఖర్చులోనే రాయండి" అని అన్నయ్యగారికి గట్టిగానే చెప్పారు. ఆయన మారుమాటాడకుండా రాశారు. అవి వచ్చేదాకా అత్తగారి పాటలు సెల్‌ఫోనులోనే మొదలుపెట్టారు, పొద్దున్నే వీధి లేవకముందు.

ఒకటే చిక్కు. రికార్డు చేసేటప్పుడు ఫాను ఆపాలి. రేపల్లె వుక్కలో ఫాను ఆపితే పెద్దావిడ పాట సగంలో లేచి అరుగుమీదికి వెళ్ళిపోతున్నారట.