మద్యపానమును గూర్చిన ప్రశ్నలు

కోనసీమయందలి మిత్రులు మమ్ము తఱచుగా నడుగు ప్రశ్నలు మూడు.

"కొబ్బరి కల్లు ఈశ్వరదత్తము గదా, దోషమేమి?" చెట్టున నూరునది తియ్యని నీరా; కొన్ని గంటలలో సూక్ష్మజీవులు దాని చక్కెరను ఆల్కహాలుగా మార్చును. కావున మత్తునకు భగవంతుని పేరు సాకుగా జెప్పరాదు.

"మితముగా ద్రావిన హాని లేదు గదా?" ఏ కొలతయు నిరపాయము గాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దెలిపినది.

"మద్యమును మాన్పించుట ప్రభుత్వము పని గదా?" నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాపై దిరుగబడిరి, 1993లో సారా, 1995లో సకల మద్యము నిషేధింపబడెను, 1997లో ఆ నిషేధము సడలెను. చట్టము పోయినను గృహమున నియమము నిలువవలెను. కూలివాని ముంతను నిందించుచు మన విందులలో సీసా తెఱచినచో, ఆ తల్లులకు మనమేమి సమాధానము చెప్పగలము? నేటి నుండి మన పంక్తిలో మద్యము వలదు. పరమేశ్వరుడు మన సంకల్పమును దృఢపఱచుగాక.