కుండీలోని తులసి

పుష్పకైంకర్యము తోటలు గలవారికే చెల్లునని పలువురు తలంతురు. శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తులవారు వటపత్రశాయికై తోట పెంచిరి. అందలి తులసి మొక్క చెంతనే గోదాదేవి లభించినది. శ్రీరంగమున తొండరడిప్పొడి ఆళ్వారు తోటపనిలోనే తరించిరి. ఈ చరిత్రములు విన్న గృహస్థు నగరములో నాలుగవ అంతస్తునందలి తన బాల్కనీలో నిలిచి చూచినచో కనిపించునది 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల సిమెంటు నేల, ఇనుప కటకటాలు, ఆరవేసిన బట్టలు. నాకు నేల యెక్కడిదని ఆయన నిట్టూర్చుట సహజమే. కాని గీత తొమ్మిదవ అధ్యాయమున ఆకునైనను, పువ్వునైనను, నీటినైనను భక్తితో ఇచ్చినచో గ్రహింతునని సెలవిచ్చిన స్వామి, అది ఎంత నేలలో పెరిగినదని అడుగలేదు.

కావలసినది స్వల్పము. తులసికి 12 అంగుళముల మూతి గల మట్టికుండీ చాలును. అడుగున రంధ్రముండవలెను. దానిపై వంపు గల పెంకుముక్కను బోర్లించినచో మన్ను నిలుచును, అదనపు నీరు పోవును. రెండుపాళ్ళు ఎఱ్ఱమన్ను, ఒకపాలు ఇసుక, ఒకపాలు బాగుగా మాగిన పశువుల ఎరువు కలుపవలెను. పచ్చిపేడ వేసినచో వేళ్ళు మాడును. నాలుగైదు గంటల ఎండ తగిలిన మేలు. ప్రక్కన మరువము, నందివర్ధనము ఉంచవచ్చును. ఎండ మెండుగా నున్నచోట మల్లె కూడ పూయును. తులసి వెన్నులను లేతగా నున్నపుడే గిల్లి స్వామికి సమర్పించినచో మొక్క మరల గుబురుగా చిగిర్చును. అర్చనకును తోటపనికిని ఇంత చక్కని పొత్తు మరి యే మొక్కయందును కుదరదేమో!

కుండీలను కటకటాలపై నిలుపరాదు. తడిమన్నుతో నిండిన పెద్దకుండీ 20 కిలోల వరకు తూగును. క్రింద నడచువారును స్వామి బిడ్డలే. క్రింది అంతస్తువారి బట్టలపై బురదనీరు కారుచుండగా పైన చేయు అర్చన ఏపాటిది? కుండీ క్రింద పళ్ళెమునుంచి, దోమలు చేరకమునుపే అందలి నీటిని పారబోయుచుండవలెను.

ఇంతవరకు చెప్పినది చేతిపని. అసలు చిక్కు మరొకటి కలదు. నేలలోని మొక్క ఒకనాడు నీరు దొరకకున్నను వేరు చాచి తడిని వెదకికొనును. కుండీలోని మొక్కకు జానెడు మన్నే లోకము. వైశాఖమాసపు ఎండకు మట్టికుండీ ఒక్కదినమునకే ఆరిపోవును. పెద్దలు శరణాగతిని వివరించునపుడు కోతిపిల్లను, పిల్లికూనను దృష్టాంతములుగా చెప్పుదురు. కోతిపిల్ల తల్లిని తానే కరచుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచి మోయును. కుండీలోని మొక్క పిల్లికూనకంటెను నిస్సహాయము; కూన అరవనైనను అరచును. ఆకించన్యమనియు, అనన్యగతిత్వమనియు కాలక్షేపములలో వినబడు మాటల అర్థము తెలియుటకు ఇంట ఒక కుండీ యున్న చాలును. మొక్కను కుండీలోనికి తెచ్చినవాడు దానికి నేలను, వానను దూరము చేసి, వాని స్థానమున తాను నిలిచెదనని మాట యిచ్చినవాడు.

ఆ గృహస్థు కుటుంబముతో తిరుమల, కాంచీపురము, శ్రీరంగము సేవించుటకు పదిదినములు బయలుదేరదలచెను. మరి తులసి మాట యేమి? స్వామియే చూచుకొనునని కుండీని వదలిపోవువారు కలరు. అది శరణాగతి కాదు. తాను చేయవలసిన పనిని స్వామిపై త్రోయుట. కుండీని నీడకు జరిపి, బకెట్టు నీటినుండి మంటిలోనికి నూలువత్తి అమర్చినచో రెండుమూడు దినములు గడచును. పదిదినములకు మాత్రము మనిషి కావలెను. ఎదురింట వేఱొక ఆచారముగల కుటుంబము కలదు. అడిగినచో సంతోషముగా నీరు పోయుదురు. గృహస్థు అడుగలేకపోయెను. స్నానము చేయకయే తాకుదురేమో, చెప్పులతో వత్తురేమో యని సంకోచము. ఆచారమును తేలికగా త్రోసివేయరాదు నిజమే. స్నానానంతరమే తులసి కోయవలెననియు, ద్వాదశినాడు కోయరాదనియు నియమములు కలవు. కాని అవి కోయువానికి. దప్పిగొన్న వేరునకు మడి తెలియదు.

పైకి చెప్పని అడ్డంకి మరొకటి కలదు. అది నా తులసి, నా సేవ అను భావము.

తిరుమలకు పుష్పమండపమని పేరు. ఆ కొండపై చలికిని, అడవికిని వెఱవక పుష్పకైంకర్యము చేయగలవారెవరని భగవద్రామానుజులు అడుగగా అనంతాళ్వారు లేచి నిలిచిరి. తోట వేసిరి; దాని నీటికై చెరువు త్రవ్వబూనిరి. త్రవ్వునది తాను, తట్టతో మన్ను మోయునది నిండుచూలాలైన ఇల్లాలు. ఒక బాలుడు వచ్చి సాయపడెదననెను. ఆయన ఒప్పుకొనలేదు. బాలుడు చాటున ఆమె తట్టను అందుకొనుచుండుట చూచి కోపించి గునపము విసరిరి. అది బాలుని గడ్డమునకు తగిలినది. పిదప ఆలయమున స్వామి గడ్డమునుండి రక్తము కారుచుండుట చూచి తల్లడిల్లిరి. ఆ గాయమునకు గుర్తుగా నేటికిని స్వామి గడ్డమున పచ్చకర్పూరము అద్దుదురు; మహాద్వారమున ఆ గునపము కానవచ్చును.

ఈ కథను దీక్షకు దృష్టాంతముగా చెప్పుట కలదు, అది ఉచితమే. ఆచార్యులు ఒప్పగించిన సేవను మరొకరితో పంచుకొనుటకు ఆయనకు మనసొప్పలేదు. కాని ఆ గునపమును చూచి మహాద్వారము దాటు భక్తునకు మరొక తలంపును రావలెను. తట్టకు చేయి చాచిన బాలుడెవరో అంతటి మహనీయునికే తెలియలేదు. ఎదురింటి తలుపు తట్టుటకు జంకు గృహస్థునకు తెలియునా? రామానుజులు కావేరికి స్నానమునకు పోవునపుడు విప్రశిష్యుల భుజములపై చేయి వేసి, మరలి వచ్చునపుడు అబ్రాహ్మణుడైన ఉఱంగావిల్లిదాసు భుజముపై చేయి వేసెడివారని గురుపరంపరా కథలు చెప్పుచున్నవి. స్నానానంతరము ఏల యని శిష్యులే కలతపడిరట!

ఆ గృహస్థు తుదకు తాళపుచెవి ఎదురింట ఇచ్చి యాత్రకు పోయెను. పదిదినములకు తిరిగి వచ్చి చూడగా తులసి పచ్చగా కళకళలాడుచున్నది. మరువము మాత్రము మొదలంట నల్లబడి కుళ్ళిపోయినది. ఎదురింటి ఇల్లాలు గుమ్మమున నిలిచి, "ఎండలు మండిపోతున్నాయని రెండుపూటలా పోశామండీ. ఇది ఎందుకో ఇలా అయిపోయింది" అని నొచ్చుకొనెను. ఆయన మారు పలుకక మొదట లడ్డూప్రసాదము చేతిలో పెట్టెను. ఆమె వెడలిన పిదప మరువపు కుండీని బోర్లించి తట్టెను. మన్నంతయు ముద్దగా నున్నది. అడుగున పెంకుముక్క బోర్లించి లేదు. వెల్లకిల పడి, రంధ్రమును బిరడావలె మూసియున్నది. మూడుమాసముల క్రిందట త్వరలో దానిని అట్లు పడవేసినది ఆయన చేతులే.