ముందు గాలి రాసుకో, తరువాత దీవి

అల్లుడూ,

నువ్వు పంపిన ఎక్సెల్ కాగితాన్ని కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివాను. ఎయిర్లీ బీచ్‌లో పడవ ఎక్కడం, ఏడు రోజుల్లో ఎనిమిది దీవులు, ప్రతి దీవికీ చేరే వేళ, బయల్దేరే వేళ, మధ్యలో ఫొటోలకు అరగంట. రంగులు కూడా వేశావు. అంతా బాగానే ఉంది గానీ, తెరచాప పడవలో పోయేవాడి కాగితంలో గాలికి ఒక్క గడి లేదేమిట్రా?

మీ విట్‌సండే దీవులు నేను చూడలేదు. విశాఖ పోర్టులో లాంచీల మీద ఉద్యోగం చేసి అనకాపల్లిలో కూర్చున్నవాణ్ని. కానీ నువ్వు పంపిన డేవిడ్ కోల్‌ఫెల్ట్ పుస్తకం, ఆ ‘హండ్రెడ్ మ్యాజిక్ మైల్స్’, మీ అత్తయ్య విసుక్కునేంతగా చదువుతున్నాను. డెబ్బై నాలుగు దీవులు, బయట గ్రేట్ బారియర్ రీఫ్ అడ్డుగా ఉండి మహాసముద్రపు పెద్ద కెరటాన్ని విరగ్గొడుతుంది, లోపల నీళ్లు కాస్త నెమ్మదిగా ఉంటాయి. అందుకే కాబోలు క్వీన్స్‌లాండ్ వాళ్లు లైసెన్సు లేనివాడికి కూడా అక్కడ పడవ అద్దెకిస్తారు. కొన్ని గంటలు నేర్పి, తాళం చేతిలో పెట్టి, రోజూ రేడియోలో పలకరిస్తూ ఉంటారు. చీకటి పడకముందే, సాయంత్రం నాలుగు గంటలకల్లా, ఎక్కడో ఒకచోట లంగరు వేసి ఉండాలని షరతు. ఈ షరతు ఒక్కటి చాలు, నీ కాగితం సగం చిరిగిపోవడానికి.

లెక్క చూడు. అనకాపల్లి నుంచి విశాఖ ముప్పై అయిదు కిలోమీటర్లు. అంటే సుమారు పంతొమ్మిది నాటికల్ మైళ్లు. కారులో గంట. గంటకి అయిదు మైళ్లు నడిచే తెరచాప పడవలో దాదాపు నాలుగు గంటలు, అదీ గాలి అనుకూలిస్తే. పొద్దున్న లేచి, పిల్లలకి పాలు పట్టి, లంగరు ఎత్తేసరికి తొమ్మిదవుతుంది. ఒక దీవి నుంచి ఇంకో దీవికి పోయి, దిగి, తిరిగి, మళ్లీ నాలుగు లోపల ఇంకోచోట లంగరు అంటే ఆ రోజంతా పరుగే. పైగా వారం అంటే వారం కాదు. మొదటి రోజు పడవ అప్పగింతలకే మధ్యాహ్నం దాటుతుంది, ఆఖరి రోజు పొద్దున్నే తిరిగివ్వాలి. నీ చేతిలో ఉండేది అయిదు, అయిదున్నర రోజులు. నాలుగు చోట్లు పెట్టుకో. ఒక చోట రెండు రాత్రులు ఉండు. ఒక రోజు ఖాళీగా వదిలెయ్. ఆ ఖాళీ రోజు గాలిదనుకో.

గాలి అక్కడ ఎక్కువగా ఆగ్నేయం నుంచి వీస్తుంది. మీ గుంటల బడి సెలవులు సెప్టెంబరు చివర కాబట్టి మంచి కాలమే ఎంచుకున్నావు. శీతాకాలపు జోరు అప్పటికి కొంత తగ్గుతుంది, తుపాన్ల కాలం నవంబరులో గానీ మొదలుకాదు. 2017 మార్చిలో డెబ్బీ తుపాను ఆ ఎయిర్లీ బీచ్ మీదే విరుచుకుపడింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ మనకేం చేసిందో నీకు చెప్పక్కర్లేదు, మీ నాన్న పెరట్లో కొబ్బరిచెట్టు వంటగది మీద పడ్డం నువ్వే చూశావు. వొంటికి అంటుకుని కుట్టే జెల్లీఫిష్‌ల కాలం కూడా నవంబరు నుంచే ఎక్కువ. అయినా నీళ్లలో దిగేప్పుడు పిల్లలకి ఆ నిండు సూటు తొడుగు. ఎండకీ మంచిదే.

ఆగ్నేయపు గాలి గట్టిగా ఉన్న రోజు హుక్ దీవికి ఉత్తరపు వైపు, ఆ బటర్‌ఫ్లై బే, మాంటా రే బే వైపు కొండ చాటు దొరుకుతుంది. అదే గాలి ఉత్తరానికి తిరిగితే ఆ చోట్లే పనికిరావు. నువ్వు రెండు రాత్రులు రాసుకున్న వైట్‌హేవెన్ బీచి ఏడు కిలోమీటర్ల తెల్లటి ఇసుక, నిజమే, చూడాల్సిందే. కానీ అది తూర్పుకు తిరిగిన తీరం. ఈశాన్యం గాని తూర్పు గాని తిరిగిందా, రాత్రంతా పడవ ఊగి మీ అమ్మ ఒక్క కునుకు తియ్యదు. పగలు చూసి, సాయంత్రానికి చాటుకి వచ్చెయ్. చాలా గాలులకి చాటు దొరికే చోటు నారా ఇన్‌లెట్, కొండల మధ్య లోపలికి చొచ్చుకుపోయిన సన్నటి నీటి పాయ. అక్కడ గట్టు మీద గుహలో న్గారో జనం వేసిన బొమ్మలున్నాయి. వేల ఏళ్ల నుంచి ఆ దీవుల మధ్య చెట్టు బెరడు పడవల్లో తిరిగినవాళ్లు. కుక్ దొర 1770లో వచ్చి పేరు పెట్టడానికి ముందు ఆ నీళ్ల గుట్టంతా వాళ్లకి తెలుసు. మన కొండకర్ల ఆవలో తాటిదోనె తోసేవాడిలాంటి చేతులు అయివుంటాయి. పిల్లల్ని అక్కడికి తప్పకుండా తీసుకెళ్లు, ఫొటోకి అరగంట అని తొందరపెట్టకు.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. ఇంట్లో పంచాంగం ఉందిగా, తీసి పక్కన పెట్టుకో. నవ్వకు. ముహూర్తానికి కాదు. మన విశాఖ దగ్గర పోటుకీ పాటుకీ తేడా మనిషి ఎత్తు కూడా రాదు. అక్కడ పౌర్ణమికీ అమావాస్యకీ మూడు మీటర్లు దాటుతుంది. అంత నీరు రోజుకి రెండుసార్లు ఆ దీవుల సందుల్లోంచి పారాలంటే ఎంత వడిగా పారుతుందో ఊహించుకో. హుక్ ప్యాసేజ్, సాల్వే ప్యాసేజ్ లాంటి ఇరుకుల్లో ఆ వడి నీ పడవ వేగానికి సమానంగా ఉంటుంది. ఎదురు పోతే ఇంజను వేసినా అక్కడే నిలబడి ఉంటావు. పోటు దక్షిణానికి పారుతుంది, పాటు ఉత్తరానికి. గాలి ఆగ్నేయం నుంచి వస్తూ, నీళ్లు దానికి ఎదురుగా దక్షిణానికి పారుతున్నప్పుడు అలలు నిట్టనిలువుగా లేస్తాయి. మామూలు గాలిలోనే. రెండూ ఒకే దిక్కుకి పోయేటప్పుడు అదే సందు చదునుగా ఉంటుంది. కాబట్టి అష్టమికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ ఈ ఇరుకులు దాటే పని పెట్టుకో, అప్పుడు నీళ్లకి జోరు తక్కువ. పున్నమి రోజు కదలకుండా ఓ చోట కూర్చో. వైట్‌హేవెన్ చివర హిల్ ఇన్‌లెట్‌లో ఇసుక, నీలం కలిసి వంకర్లు తిరిగే ఆ అందం పాటు వేళే బాగా కనబడుతుందట. నువ్వు అక్కడికి ‘ఉదయం పది’ అని రాశావు. ఆ రోజు పదికి పోటు ఉంటే ఏం చూస్తావు? పోటుపాట్ల పట్టిక చూసి ఆ గడి మార్చు.

లంగరు దగ్గర కూడా ఇదే తిథి గుర్తుపెట్టుకో. పాటు వేళ లోతు అయిదు మీటర్లుందని చూసి గొలుసు వదిలితే అర్ధరాత్రికి అది ఎనిమిదవుతుంది. లోతుకి నాలుగైదింతల గొలుసు వదలాలంటే ఎనిమిది మీటర్ల లెక్కన వదలాలి. అలాగే పిల్లపడవని ఒడ్డుకి లాగి నడకకి పోయారనుకో, తిరిగొచ్చేసరికి పోటు దాన్ని తీసుకుపోయి ఉంటుంది, లేదా పాటు దాన్ని నీళ్లకి చాలా దూరాన ఇసుకలో వదిలేసి ఉంటుంది. పగడాల మీద లంగరు వెయ్యకు. తెల్ల గుర్తు బోయాల లోపలికి లంగరు కూడదు. నీలం బోయా దొరికితే దానికే కట్టుకో. మీ నాన్న గాలం వేస్తానంటాడు, పటంలో ఆకుపచ్చ రంగు వేసిన చోట గాలం వెయ్యకూడదని ముందే చెప్పు. సిడ్ హార్బర్‌లో రాత్రి ఉండొచ్చు గానీ ఈత వద్దు. 2018లో అక్కడ షార్కులు ముగ్గుర్ని కరిచాయి, ఒకరు చనిపోయారు.

లైఫ్ జాకెట్ల గురించి అమ్మాయికి నేనే ఫోన్ చేసి చెప్తాను, నీ మాట వినదు. 2022 జూలైలో అనకాపల్లి నుంచి సరదాగా పూడిమడక వెళ్లిన ఇంజనీరింగ్ కుర్రాళ్లని సముద్రం ఎలా లాక్కుపోయిందో ఊరంతా చూసింది. వాళ్లకీ కాలేజీ అయ్యాక ఒక పూట సెలవే కదా.

పడవ రకం: ఒంటి పడవ గాలికి ఒక పక్కకి ఒరుగుతుంది, కుర్రాళ్లకి అదే సరదా. మీ అమ్మ మోకాళ్లకి అది కుదరదు. రెండు పడవల్ని జోడించినట్టుండే కాటమరాన్ తీసుకో. ఒరగదు, పిల్లపడవలోకి దిగడానికి వెనక మెట్లుంటాయి. అద్దె ఎక్కువే, బుక్ చేసేముందు ఆ అద్దెలో ఏవి లేవో అడుగు: డీజిలు, పార్కు రుసుము, పడక బట్టలు, పాడైతే కట్టాల్సిన డిపాజిట్టు. మొదటి రెండు రోజులకి ఒక సరంగుని పెట్టుకో. వాళ్లే ఇస్తారు. కానీ సరంగు పడుకోవాలి, తినాలి. మీ స్నేహితుడి కుటుంబాన్ని కలుపుకుంటే మంచాలెన్ని మిగులుతాయో నీ కాగితంలో లేదు.

సరంగు దిగిపోయాక మాట ఎవరిది? ఇది అన్నిటికన్నా సున్నితమైన సంగతి. మనిళ్లలో పెద్దవాడి మాటకి ఎదురు చెప్పం. మీ నాన్న ఎన్ని వేల బస్తాల బెల్లం వేలం పాడించినా, ఆ పడవ మీద ఆఖరి మాట నీదే అని ఎయిర్లీలోనే నిర్ణయించుకోండి. మన విశాఖ పిల్ల పి. స్వాతి, హైదరాబాద్ పిల్ల ఐశ్వర్య బొడ్డపాటి, ఇంకో నలుగురు నేవీ ఆడపిల్లలు 2017 సెప్టెంబరులో గోవాలో బయల్దేరి ‘తారిణి’ అనే యాభై అయిదడుగుల తెరచాప పడవలో భూమి చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. ఆరుగురూ ఆఫీసర్లే, అయినా పడవ మీద మాట వర్తికా జోషీది. చివరి అంచెలో చుక్కాని ఇబ్బంది పెడితే, అనుకోని మారిషస్‌కి పడవ తిప్పి బాగుచేయించుకుని వచ్చారు. నువ్వు వైట్‌హేవెన్ మానేసి నారాలో ఇంకో రాత్రి ఉంటే ఎవరూ నిన్ను తక్కువ చేసి చూడరు.

ఇంకొకటి, మందు. సాయంత్రం లంగరు పడ్డాక మిగతావాళ్లు కూర్చోండి, నాకు అభ్యంతరం లేదు. క్వీన్స్‌లాండ్‌లో కారు నడిపేవాడికున్న లెక్కే చుక్కాని పట్టినవాడికీ, పడవ లంగరు మీద ఉన్నా సరే.

వంట గొడవ మీ అమ్మది. ట్యాంకులో నీళ్లు ఎన్నుంటే అన్నే. బియ్యం మూడుసార్లు కడిగి, గిన్నెలు ధారకింద పెట్టి తోమితే మూడో రోజుకి ట్యాంకు అడుగంటుతుంది. గిన్నెలు ముందు సముద్రపు నీళ్లతో కడిగి, చివర మంచినీళ్లు చిలకరిస్తే చాలని నచ్చచెప్పు. ఎలక్ట్రిక్ కుక్కరు ఆ బ్యాటరీ మీద నడవదు, ప్రెషర్ కుక్కరు పెట్టు. ప్రయాణపు రోజు పొద్దున్నే పులిహోర కలిపేస్తే నడిసముద్రంలో కింద పొయ్యి దగ్గర నిలబడే పని ఉండదు. కింద గదిలో ఉంటేనే కడుపు తిప్పుతుంది. పైకొచ్చి దూరాన ఆకాశం నీళ్లు కలిసే గీత చూస్తూ కూర్చోమను, అల్లం ముక్క నములుతూ. దీపం పెట్టనివ్వకు, గ్యాసున్న పడవలో వత్తి వద్దు, బ్యాటరీ దీపం కొను. సరే, మరుగుదొడ్డి సంగతి. చేత్తో పంపు కొట్టే రకం అది, తిన్నది తప్ప ఇంకేదీ వెయ్యకూడదు. ఇది మీ నాన్నకి ఎవరు చెప్తారో నాకు తెలియదు, నేనైతే చెప్పను.

ఇక్కణ్నుంచి మీ అమ్మ పంచదార పట్టదని బెల్లం, ఆవకాయ మూటకడుతోంది. విమానం దిగేముందు ఇచ్చే కార్డులో తిండి వస్తువులున్నాయని రాసి, అడిగితే విప్పి చూపించమను. దాచిపెడితే జరిమానా. ఆవకాయ గాజు సీసాలోంచి తీసి ప్లాస్టిక్ డబ్బాలో పొయ్యి, ఊగే పడవలో గాజు పగిలితే నూనె గచ్చుమీద జారి ఎవరి నడుమో విరుగుతుంది.

ఆఖరి రాత్రి ఎయిర్లీకి దగ్గరలోనే ఉండేట్టు చూసుకో, సౌత్ మోల్ దీవి పక్కన అయినా సరే. దూరాలూ ఎదురుగాలి పనులూ వొంట్లో ఓపికున్న మొదటి రోజుల్లో పెట్టుకుంటే, తిరిగొచ్చేటప్పుడు గాలి వీపున ఉంటుంది. కొత్త కాగితం పంపు. అందులో మొదటి గడి తిథి, రెండోది పోటు వేళ, మూడోది గాలి, నాలుగోది దీవి. మంచాలు మర్చిపోకు. సరంగు తోడుంటే మీ స్నేహితుడి వాళ్లు కుదరరేమో, ఆ మాట ఈ నెలలోనే వాళ్లకి చెప్పెయ్.