ఎరవు బండి

మా నాయనమ్మకు ఎరవంటే భయం. పక్కింటి నుంచి జల్లెడ తెచ్చినా సరే, పొద్దు కుంకేలోపల దాన్ని తిరిగి చేర్చేదాకా ఆమెకు మనసు నిలిచేది కాదు. "ఎరవు సొమ్ము బరువు చేటు" అనేది. గిన్నె ఎరవు తెస్తే దాన్ని ఒట్టిగా తిరిగి పంపేది కాదు. నాలుగు బెల్లం ముక్కలో, గుప్పెడు పెసలో వేసి పంపేది. హోసూరులో తరతరాలుగా ఉంటున్న మా ఇళ్లలో ఎరవు అనే మాట ఇంకా బతికే ఉంది. కానీ ఆ భయం లేదు. బీకాం చదివి బ్యాంకులో చేరి, ముప్పై ఏళ్లుగా అప్పులిచ్చి వసూలు చేసే పనిలో ఉన్న నాకు అసలే లేదు. హామీ ఉంది, తాకట్టు ఉంది, బీమా ఉంది. ఇక భయమెందుకు?

ఈ ప్రశ్న 2023 జూన్‌లో, గ్రీసు దేశంలోని క్రీట్ ద్వీపంలో నాకు ఎదురు తిరిగింది. అప్పటినుంచి అది నన్ను వదలలేదు కనుక పాఠకుల ముందు పెడుతున్నాను.

మా అమ్మాయీ అల్లుడూ జర్మనీలో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ల సెలవులకు మేమిద్దరం వెళ్లి కలిస్తే, నలుగురం కలిసి క్రీట్‌కు వెళ్లాం. గ్రీసు ద్వీపాలన్నింటిలో ఇదే పెద్దది. తూర్పు పడమరలుగా సుమారు 260 కిలోమీటర్లు. వెడల్పు మాత్రం ఎక్కడా 60 కిలోమీటర్లకు మించదు. ఉత్తరపు ఒడ్డున పట్టణాలు, మధ్యలో కొండలు. పట్టణాల మధ్య బస్సులున్నాయి కానీ కొండ ఊళ్లు చూడాలంటే కారు ఉండాల్సిందే. ఆరు రోజులకు ఒక చిన్న కారు అద్దెకు తీసుకున్నాం. నడుపుతానని పట్టుబట్టింది నేనే. ఇంటర్నేషనల్ పర్మిట్ కోసం ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగింది ఊరకే కాదు కదా!

అక్కడ బండ్లు కుడివైపున పోతాయి. స్టీరింగు ఎడమ పక్క, గేరు కుడిచేతికి. మొదటిరోజు మలుపు తిరగాలని మీట నొక్కినప్పుడల్లా వైపర్లు లేచి ఎండలో అద్దం తుడిచేవి. మా ఆవిడ వెనక సీట్లో ఆంజనేయ దండకం మొదలుపెట్టింది. నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, వెనక వచ్చేవాళ్లకు దారి ఇస్తూ, రోడ్డు అంచున సగం చక్రాలతో నడిపాను. అక్కడ నెమ్మదిగా పోయేవాళ్లంతా అలాగే పక్కకు ఒదుగుతారు.

రెండోరోజు సాయంత్రం అల్లుడు ఫోనులో ఏదో నొక్కి, "ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాను మామయ్యా. గీతపడినా, గుద్దినా మనం ఒక్క యూరో కట్టక్కర్లేదు. ఇక హాయిగా నడపండి" అన్నాడు. మూడోరోజు నేను నిజంగానే హాయిగా నడిపాను. మలుపుల్లో వేగం పెరిగింది. ఇరుకు సందు కనిపిస్తే ముందు ఆగి చూసేవాణ్ణి, ఇప్పుడు దూర్చేస్తున్నాను. బ్యాంకు పరీక్షల పుస్తకాల్లో దీన్ని మోరల్ హజార్డ్ అంటారు. నష్టం ఎవరో భరిస్తారని తెలిస్తే మనిషి జాగ్రత్త సడలుతుందని అర్థం. ఇతరుల దరఖాస్తుల్లో ముప్పై ఏళ్లుగా వెతికిన ఆ గుణం నా పాదం కిందే, యాక్సిలరేటర్ మీద దొరికింది. మన పెద్దలు దీన్నే అత్తసొమ్ము అల్లుడు దానం చెయ్యడమన్నారు.

ఆ రోడ్ల పక్కన, మలుపు మలుపుకూ, స్తంభం మీద చిన్న గుడిలాంటి డబ్బాలు కనిపిస్తాయి. లోపల ఒక పటం, ఒక నూనె దీపం. మొదట తపాలా పెట్టెలనుకున్నాను. హోటలు యజమాని చెబితే తెలిసింది: ఆ చోట ప్రమాదంలో ఎవరైనా పోతే వాళ్ల జ్ఞాపకంగా అయినవాళ్లు పెడతారు; బతికి బయటపడితే దేవుడికి కృతజ్ఞతగానూ పెడతారు. దారిన పోయేవాడికి ఏది ఏదో తెలియదు. ఏ బీమా పత్రంలోనూ లేని పద్దు అది. అయినా అది తెలిశాక కూడా నా వేగం తగ్గలేదని ఒప్పుకోవాలి.

నాలుగోరోజు లాసితి పీఠభూమికి బయలుదేరాం. సముద్ర మట్టానికి సుమారు 840 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండలున్న మైదానం అది. అక్కడి సైక్రో అనే ఊరి పైన, గ్రీకుల దేవరాజు జియస్ పుట్టాడని చెప్పుకునే గుహల్లో ఒకటి ఉంది. బిడ్డలను పుట్టగానే మింగేసే తండ్రి క్రోనోస్ కంటపడకుండా తల్లి రేయా శిశువును దాచిందని కథ. ఆ కథ చెబుతుంటే మా ఆవిడకు కంసుడు గుర్తొచ్చాడు.

దారిలో ఒక కొండ ఊళ్లో తప్పు సందులోకి దూరాను. వెనక్కి తీస్తుంటే ఏదో ఫట్‌మని పగిలింది. దిగాను. దిగి నేను మొదట చూసింది కారు వెనకభాగాన్ని. బంపరు మీద గీత కూడా లేదు. "హమ్మయ్య" అనుకున్నాను. ఆ తరువాతే కింద చూశాను. గడప పక్కనున్న మట్టికుండీ మూడు ముక్కలై, మొక్క వేళ్లతో సహా నేల మీద పడి ఉంది. సబ్జా గింజలంటామే, ఆ మొక్క; మన తులసికి దగ్గరి చుట్టం. గ్రీసులో ఇళ్ల ముందు దాన్ని సువాసన కోసం పెంచుతారు. వాళ్ల చర్చిలోనూ దానికి చోటుంది.

తలుపు తీసుకుని నల్లబట్టల్లో ఒక ముసలావిడ వచ్చింది. ఆమె కుండీ వైపు చూడలేదు. మా నలుగురి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. మా ఆవిడ భుజం పట్టుకుని ఏదో అడిగింది. భాష తెలియకపోయినా దెబ్బ తగిలిందా అని అడిగినట్టు అర్థమైంది. నేను పర్సు తీసి ఇరవై యూరోలు చాచాను. ఆమె నా చేతిని మెల్లగా వెనక్కి తోసింది. కోపంతో కాదు; పొయ్యి దగ్గరికి పోయిన పసివాడి చేతిని తోసినట్టు. లోపలికి పోయి మంచినీళ్లు, ఒక చెంచాడు పాకం పండు, నాకూ అల్లుడికీ చిన్న గ్లాసుల్లో అక్కడి రాకీ తెచ్చింది. మేం తాగుతుండగానే మొక్కను ఏరి ఒక పాత నూనె డబ్బాలో నాటింది. మన ఊళ్లలో డాల్డా డబ్బాల్లో తులసి నాటినట్టే. చివరికి ఒక రెమ్మ తుంచి మా ఆవిడ చేతిలో పెట్టింది. మా ఆవిడ దాన్ని కళ్లకద్దుకుంది. ముసలావిడ నవ్వింది. ఆ ఇరవై యూరోలు నా చేతిలోనే చెమటకు తడిసిపోయాయి.

తిరుగు దారిలో నేను ఎక్కువ మాట్లాడలేదు. ఆ దేశం గురించి బ్యాంకువాడిగా నాకు తెలిసింది ఒక్కటే: అప్పు తీర్చలేని దేశం. 2010 నుంచి మూడుసార్లు అంతర్జాతీయ సహాయం తీసుకుంది. ఆ ఏర్పాటు 2018 ఆగస్టులో ముగిసింది. 2015 జూన్ చివర అక్కడి బ్యాంకులు మూడు వారాలు మూతపడ్డాయి. ఏటీయంలో రోజుకు 60 యూరోలకు మించి ఇవ్వలేదు. విదేశాల్లో జారీ అయిన కార్డులకు మాత్రం ఆ పరిమితి లేదు. అంటే నాలాంటి యాత్రికుడు ఆనాడు వచ్చి ఉంటే, యంత్రం ముందు వరుసలో నా వెనక నిలబడిన ఆ ముసలావిడకంటే ఎక్కువ డబ్బు తీసుకోగలిగేవాణ్ణి. ఆ రోజుల్లో మా క్యాంటీనులో గ్రీసు పేరెత్తి, "స్తోమత లేనివాడికి అప్పెందుకు?" అని తీర్పు చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. జర్మన్ భాషలో అప్పుకూ తప్పుకూ ఒకటే మాట ఉందట, షుల్డ్ అని. అమ్మాయి చెప్పింది. మన భాషలో రెంటికీ ఒక్క అక్షరమే తేడా. ఆ సందులో తప్పు నాది, అప్పు నాది. ఎగవేతదారుల దేశమని నేను తేలిగ్గా మాట్లాడిన దేశంలోని మనిషి వసూలుకు ఒప్పుకోలేదు.

పాత గ్రీకు భాషలో క్సెనోస్ అంటే పరాయివాడు. అతిథి అన్నా అదే మాట. అతిథులను కాచే దేవుడు కూడా జియస్సే. మనం వెళ్లింది ఆయన పుట్టిన గుహ చూడటానికి. గుహలో చూసింది తడిసిన రాళ్లనూ చీకటినీ. దేవుడు దారిలోనే ఎదురయ్యాడని రాస్తే బాగానే ఉంటుంది గాని, అలా తేల్చేస్తే నాకు సులువైపోతుంది. ఇక్కడ ఎదురుప్రశ్న ఒకటుంది.

క్రీట్ జనాభా 2021 లెక్కల ప్రకారం ఆరు లక్షల పైచిలుకు. గ్రీసు మొత్తానికి కోటీ అయిదు లక్షల దాకా. ఆ దేశానికి 2023లో వచ్చిన విదేశీ యాత్రికులు మూడు కోట్లు దాటారు. ఇంతమందికి ఎవరు ఊరికే పాకం పండు పెట్టగలరు? ఏడాదికొక బాటసారి వచ్చినప్పటి ధర్మం, పూటకొక కారు వస్తే నిలుస్తుందా? కనుక డబ్బు పుచ్చుకోవడంలో తప్పులేదు. గదికి అద్దె, భోజనానికి బిల్లు, బండికి బీమా, ఇవి లేకపోతే ఆతిథ్యం పేరుతో జరిగేది దోపిడీయే. డబ్బు చెల్లించేవాడు ఎవరి దయ మీదా ఆధారపడడు. పుచ్చుకునేవాడు ఎవరికీ దాసుడు కాడు. ఈ మర్యాదను నేను తక్కువ చెయ్యను. నా జీతం వచ్చేదే దానివల్ల.

నా తప్పు డబ్బు ఇవ్వబోవడం కాదు. అది ఇస్తే లెక్క సరిపోతుందనుకోవడం. తెలుగులో మనకు మూడు మాటలున్నాయి. అప్పు పత్రం మీద ఉంటుంది. బాకీ అంటే అందులో మిగిలింది. ఈ రెండూ మా లెడ్జరులో పడతాయి, మూసెయ్యవచ్చు. ఋణం అలాంటిది కాదు. మనిషి పుడుతూనే దేవతలకూ ఋషులకూ పితరులకూ మనుషులకూ ఋణపడి పుడతాడని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. నాలుగోది తీరేది మనుషులకు నీడా అన్నమూ ఇవ్వడం వల్లనట. ఎవరి దగ్గర తీసుకున్నామో వారికే తిరిగి ఇవ్వాలని అక్కడ లేదు. బ్యాంకువాడికి ఇది వింత లెక్క: తీసుకున్నది ఒక ఖాతాలో, జమ చేసేది ఇంకొకరి ఖాతాలో.

ఇలా అనుకున్నప్పుడు నాకు మా బ్రాంచిలో జరిగినది గుర్తొచ్చింది. హోసూరు ఫ్యాక్టరీల్లో పనికి బయటి రాష్ట్రాల కుర్రాళ్లు చాలామంది వస్తారు. ఆ ఏడాది మొదట్లో ఒకతను వచ్చాడు. పాసుపుస్తకంలో పేరుకూ ఆధార్‌లో పేరుకూ ఒక అక్షరం తేడా. ఫారం సరిగా లేదని రెండుసార్లు తిప్పి పంపాను. వచ్చిన ప్రతిసారీ అతనికి ఒక రోజు కూలి పోయి ఉంటుంది. మూడోసారి అతను విసిగి తనలో తాను తెలుగులో ఏదో అనుకున్నాడు. ఒడిశాలో గంజాం జిల్లా, ఇంట్లో తెలుగే. నేను తలెత్తి, "ఏ ఊరు బాబూ మీది?" అన్నాను. పావుగంటలో పని అయిపోయింది. టీ కూడా తెప్పించాను. అప్పట్లో అది భాషాభిమానమని గర్వపడ్డాను. మిత్రులకు చెప్పుకున్నాను కూడా.

ఇప్పుడు అదే నన్ను గుచ్చుతోంది. రెండుసార్లు అతను వచ్చినప్పుడు నేను చూసింది కాగితాన్ని, కారు దిగి బంపరును చూసినట్టు. భాష కలిశాకే మనిషి కనిపించాడు. అతను ఒడియాలోనో హిందీలోనో విసుక్కుని ఉంటే నాలుగోసారి కూడా తిరిగేవాడు. ఆ ముసలావిడకూ మాకూ ఉమ్మడిగా ఒక్క మాట లేదు. ఆమె ముందు ముఖాలే చూసింది. సొంత భాష మాట్లాడేవాళ్లు నలుగురు ఎదురైతే చాలని తపించే మనబోటి వాళ్లం, పరాయివాడుగా ఉండటం ఏమిటో తెలిసినవాళ్లం, ఈ తేడాను ఇంకొంచెం ముందే గుర్తించవలసింది కాదా?

ఆరోరోజు హెరాక్లియన్‌లో కారు తిరిగి ఇచ్చాం. నిండు ట్యాంకుతో తీసుకున్నాం కనుక నిండు ట్యాంకుతో ఇవ్వాలి, అదీ ఒప్పందం. కుర్రాడు బండి చుట్టూ తిరిగి చూసి, గీతలేమీ లేవని సంతకం పెట్టించుకున్నాడు. కార్డు మీద ఆపి ఉంచిన సొమ్ము వారంలో విడుదలైంది. తెచ్చినదాన్ని తెచ్చినట్టే ఇచ్చాం. చట్టం అంతకంటే అడగదు. మా నాయనమ్మ అడిగేది. ఆమె లెక్కలో తెచ్చినంత ఇస్తే గిన్నె ఒట్టిదే. పైన ఆ గుప్పెడు పెసలు పడాలి.

నేను మారిపోయానని రాయలేను. కౌంటరు ముందు వరుస పెరిగినప్పుడు ఇప్పటికీ చెయ్యి ముందు కాగితం మీదికే పోతుంది. కాకపోతే "రేపు రండి" అనే ముందు ఒకసారి తలెత్తి ముఖం చూస్తున్నాను. కొన్నిసార్లు పని అక్కడే తేలిపోతోంది; కొన్నిసార్లు రేపు రమ్మనే అనవలసి వస్తోంది. వడ్డీ మాత్రం ఇలా కడుతున్నాను. అసలు అలాగే ఉంది.