పాపాన్ని దాచాలా? రోగాన్ని చెప్పాలా?

మద్యం హరామ్ అన్న సంగతి ముస్లిం ఇంట పుట్టిన పసివాడికి కూడా తెలుసు. అయినా మన బస్తీల్లో తాగుడుకు బానిసలైనవారు లేరని గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పగలమా? వారిలో చాలామంది మానాలనే కోరుకుంటారు. రమజాన్‌లో మానేస్తారు, పండుగ దాటగానే మళ్లీ మొదలుపెడతారు. అలాంటి సోదరునికి ఎవరో, "ఊళ్లో తాగుడు మానినవారి సమావేశం జరుగుతోంది, వెళ్లి కూర్చో" అని చెబుతారు. అప్పుడతని మనసులో ఒక ధర్మసందేహం తలెత్తుతుంది. అల్లాహ్ కప్పి ఉంచిన నా పాపాన్ని పదిమంది ముందు నేనే బయటపెట్టుకోవడం తగునా?

ఇది తేలిగ్గా కొట్టిపారేయదగిన సందేహం కాదు. రాత్రి చేసిన పాపాన్ని అల్లాహ్ కప్పి ఉంచితే, తెల్లవారగానే దాన్ని తానే చాటుకునేవాణ్ణి దైవప్రవక్త (స) తీవ్రంగా హెచ్చరించారు. కనుక ముందుగా ఆ సమావేశంలో ఏం జరుగుతుందో చూద్దాం.

ఏమిటీ సమావేశం?

'ఆల్కహాలిక్స్ అనానిమస్' 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో మొదలైంది. బిల్ విల్సన్ అనే వ్యాపారి, బాబ్ స్మిత్ అనే వైద్యుడు దాని స్థాపకులు. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవారే. పని మీద ఆ ఊరికి వచ్చిన విల్సన్‌కు మళ్లీ తాగాలనిపించింది. అప్పుడతను తనలాంటి మరో బాధితునికోసం వెతికాడు. అలా కలిసినవాడే ఆ వైద్యుడు. ఎదుటివానికి చేయూతనిస్తే తన నిగ్రహం కూడా నిలబడుతుందని వారు గ్రహించారు. అక్కడ రుసుము లేదు. ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. విన్న మాట గది దాటకూడదన్నది నియమం.

చాటుకోవడం వేరు, చెప్పుకోవడం వేరు

ఇప్పుడు సందేహం దగ్గరికి వద్దాం. రమజాన్ పగటివేళ ఉపవాస నియమాన్ని భంగపరచుకున్న ఒక వ్యక్తి, తాను నాశనమైపోయానంటూ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చాడు. ఆయన అతణ్ణి గద్దించలేదు. ఎందుకు చెప్పావని అడగలేదు. పరిహార మార్గం చూపారు. పేదవాడని తెలిసి ఖర్జూరాలు కూడా ఇప్పించారు. ఇక్కడ మనం గమనించాల్సింది చెప్పినవాని ఉద్దేశాన్ని. పాపాన్ని గొప్పగానో, సిగ్గులేకుండానో చెప్పుకునేవాడు దాన్ని తేలిక చేస్తాడు. బయటపడే దారి కోసం చెప్పుకునేవాడు దాని బరువు మోయలేక చెబుతాడు. దారి చూపగలడని ఆశించే వ్యక్తికి తన పాపాన్ని తెలుపుకోవడంలో దోషం లేదని ఇమామ్ నవవీ వంటి పండితులు వివరించారు.

'కాని అక్కడ ఉండేది పండితుడు కాదు, పదిమంది తాగుబోతులు కదా!' అనవచ్చు. నిజమే. అందుకే హద్దులు అవసరం. అవసరమైనంతే చెప్పాలి. తాగిన రోజులను కథలుగా, సరదాగా వర్ణించకూడదు. ఇతరుల తప్పులను బయటపెట్టకూడదు. విన్నదాన్ని అమానతుగా భావించాలి. మొదట్లో కేవలం కూర్చొని వినినా చాలు.

మరో విషయం. ఆ సంస్థ బోధించే పన్నెండు మెట్లలో తన తప్పులను దేవుని ముందు, తన ముందు, మరో మనిషి ముందు ఒప్పుకోవడం ఒకటి. మనిషి ముందు ఒప్పుకోవడాన్ని విశ్వాసి సలహా కోసమే చేయాలి. క్షమించేవాడు అల్లాహ్ ఒక్కడే, తౌబాకు మధ్యవర్తి అక్కరలేదు. సమావేశం చర్చి ఆవరణలోని గదిలో జరిగినా, అక్కడ కూర్చోవడం ఆ ఆరాధనలో పాల్గొనడం కాదు. అమెరికాలోని ముస్లిములు 1989లో 'మిల్లతి ఇస్లామీ' పేరుతో ఈ మెట్లను ఇస్లామీయ దృక్పథంతో మలచుకొని తమ సమావేశాలు మొదలుపెట్టారు.

మన బాధ్యత ఏమిటి?

తొంభై తొమ్మిది హత్యలు చేసి, మరొకణ్ణీ చంపి, పశ్చాత్తాపపడినవాని ఉదంతం మనకు తెలిసిందే. చెడ్డ ఊరు విడిచి సజ్జనుల ఊరికి వెళ్లమని ఒక విద్వాంసుడు అతనికి సలహా ఇచ్చాడు. తౌబాకు సహవాసం కూడా కావాలన్నమాట. మరి ఆ సహవాసం మన మస్జిద్‌లో ఎందుకు దొరకడం లేదు? తాగి పదేపదే శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఎవరో శపించినప్పుడు దైవప్రవక్త (స) వారించారు. అతను అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమిస్తున్నాడని సాక్ష్యమిచ్చారు. మనమైతే అలాంటివాడు సఫ్‌లో నిలబడితే పక్కకు జరుగుతాం. అతను మన దగ్గరికి కాక మరో గదికి వెళ్లాడంటే ఆ తప్పు అతనొక్కడిదేనా?

కాబట్టి ఇమాములు, మస్జిద్ కమిటీల పెద్దలు తమ ఊళ్లో ఇలాంటి సమావేశం ఎక్కడ, ఏ రోజు జరుగుతుందో తెలుసుకొని ఉంచాలి. కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసినా, ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో అడిగినా దారి దొరుకుతుంది. ఒక జాగ్రత్త: ఏళ్ల తరబడి ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, మతిభ్రమ వంటి ప్రాణాపాయం రావచ్చు. అలాంటివారు డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. ప్రాణరక్షణ కూడా ధర్మమే.

మొదటిరోజు ఒంటరిగా వెళ్లడానికి కాళ్లు రావు. అతనితో పాటు ఆ గది గుమ్మం దాకా నడిచే సోదరుడు ఒకడుండాలి. ఆ ఒక్కరు మనమే ఎందుకు కాకూడదు?

వ్యసనంలో చిక్కుకున్నవారికి విముక్తిని, వారి లోపాలను కప్పి చేయి అందించే మనసును మనకు అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.