పేరు దారంలో ఉందా?

యూనిఫాం జేబు మీద కుట్టే నేమ్ ట్యాగులో కంటికి కనిపించేవి గుడ్డ, దారం. మరి మనం చదివే పేరు వాటికి మించిన వేరే వస్తువా, లేక దారమే అలా కనిపిస్తోందా? మన తార్కికులు శతాబ్దాల తరబడి వాదించుకున్న ప్రశ్న ఇదే. అదీ నూలునూ బట్టనూ ఎదురుగా పెట్టుకునే. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాస్తూ బట్టకు మూడు కారణాలు చెప్పాడు: పోగులు సమవాయి కారణం, పోగుల కలయిక అసమవాయి కారణం, మగ్గం వంటి పనిముట్లు నిమిత్త కారణం. మొదటిదీ చివరిదీ అందరికీ సులువుగా అర్థమవుతాయి. మధ్యదాన్ని మాత్రం పరీక్ష కోసం బట్టీ పడతారు. నేను ఆ మధ్యదాని పక్షం. పేరు ఉండేది పోగుల్లో కాదు, అవి కలిసిన తీరులో.

సాంఖ్యులు దీనికి ఒప్పుకోరు. బట్ట నూలుకంటే వేరైతే దాని బరువు అదనంగా తూగాలి కదా, తూగడం లేదే అని వాచస్పతి మిశ్రుడు తత్త్వకౌముదిలో నిలదీశాడు. గట్టి ప్రశ్నే. కానీ ఒకే దారంతో ‘రమ’ అని ఒక ట్యాగు, ‘మర’ అని ఇంకొకటి కుట్టి త్రాసులో చెరోవైపు పెడితే ముల్లు కదలదు. అయినా మొదటిది అమ్మాయి పేరు, రెండోది ఇనుప సామాను. వేరే వస్తువు లేదన్నంతవరకు వాచస్పతి గెలిచాడు. అంతా దారమే అన్నచోట ఆయన త్రాసు ఆయనకే సాయపడలేదు.

కార్యం కారణంలో ముందే ఉంటుందనేది సాంఖ్యుల అసలు సిద్ధాంతం. ఈ రోజుల్లో అయితే కంప్యూటర్లోని డిజైన్ ఫైల్ని చూపించి, పేరు అందులోనే ఉంది, మిషన్ దాన్ని బయటపెట్టింది అంతే అంటారు. అయితే పంచింగ్ చేసేవాళ్లకు, అంటే ఆ ఫైల్ తయారుచేసేవాళ్లకు, తెలిసిన సంగతి వేరు. శాటిన్ కుట్టులో దారం అక్షరం గీతకు అడ్డంగా అటూ ఇటూ బిగుస్తూ పోతుంది. ఆ బిగువుకు గుడ్డ లోపలికి లాక్కుని గీత సన్నబడుతుంది. అందుకని ఫైల్లో గీతను కావాలనే లావు చేస్తారు. అంటే ఫైల్లో ఉన్నది పేరుకు సరైన రూపం కానే కాదు. సరైన రూపం పనివాడి మనసులో ఉందంటారా? అదే ఫైల్‌ని మందపాటి డ్రిల్లు గుడ్డ మీద ఒకసారి, సాగే టీషర్టు గుడ్డ మీద ఒకసారి కుడితే అక్షరాలు ఒకేలా రావు. మనసు నిమిత్త కారణమే. ఫలితం గుడ్డా దారమూ కలిశాకే తేలుతుంది.

మట్టిముద్ద ఒక్కటి తెలిస్తే మట్టితో చేసినవన్నీ తెలిసినట్టేనని ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు చెప్తాడు. వేదాంతుల ఆక్షేపణ ఇక్కడి నుంచే వస్తుంది: పేరు మాట వరసకే, దారమే సత్యం. కానీ ట్యాగులో ఏ దారం? మనం చదివే పైదారాన్ని గుడ్డ అడుగు నుంచి బాబిన్ దారం పట్టి ఉంచుతుంది; అది ఊడితే పైదారం వదులై లేచిపోతుంది. ఇంకా లోతుకు వెళితే అన్నీ ఒక్కటే అంటారా, అక్కడ రమా మరా కూడా ఒక్కటే. ఆ సత్యాన్ని నేను కాదనను. కానీ ట్యాగు పెట్టుకునేది మనుషుల్ని వేరుచేసి పిలవడానికి. వ్యవహారాన్ని శంకరులు కూడా కొట్టిపారేయలేదు.

కుట్టు అయ్యాక జరిగే పనిలో ఎక్కువ భాగం తీసెయ్యడమే. అక్షరం నుంచి అక్షరానికి దూకిన దారాలు కత్తిరిస్తారు, అడుగున పెట్టిన పేపర్ చింపేస్తారు, అంచు ఓవర్‌లాక్ చేస్తారు. చింపేసే పేపర్ మగ్గంలాగా నిమిత్తమే అనుకోవచ్చు. చింపకుండా లోపలే ఉంచేసే రకం కూడా ఒకటుంది; దాన్ని అన్నంభట్టు ఏ గడిలో వేసేవాడో! వైశేషికులైతే ఒక పోగు తెగినా పాత బట్ట నశించి ఖండపటం అనే కొత్త బట్ట పుడుతుందంటారు. ఇక్కడ మాత్రం వాళ్లతో కలవలేను. ఉతికి ఉతికి సగం పోగులు పీచులేచినా ‘ఫణి’ ఫణిగానే ఉంటాడు. ‘ఫ’ కింది చిన్న గీతలో నాలుగు కుట్లు ఊడితే ‘పణి’ అవుతాడు.